డ్రెయిను పక్క అరవై సెంట్లు

మచిలీపట్నం బస్టాండుకి దగ్గర్లో, ఒక అద్దె ఇంటి మేడ మీద టవరు లైను కంపెనీ ఆఫీసు. బంటుమిల్లి పక్క ఊరి నుంచి ఉదయం బస్సుకి వచ్చిన రాజకుమారి, చేతిసంచి భుజం మీంచి దించకుండా, తమ్ముడు గిరీష్ బల్ల ముందు నిలబడి ఉంది. ఆ లైను ఏ చేల మీదుగా వెళ్ళాలో గీసే ఇంజనీరు అతనే. ఆమె వెంట తీసుకొచ్చిన ఆనందమ్మ బయట వరండాలో బెంచీ మీద కూర్చుంది.

“కూర్చోమని నాలుగోసారి అంటున్నానక్కా.”

“కూర్చోడానికి రాలేదని నాలుగుసార్లూ చెప్పాను. మ్యాపు తియ్యి.”

“మ్యాపు మీ పంచాయతీ ఆఫీసు గోడకి అంటించాం కదా.”

“అది చూసే వచ్చాను. ఊరంతా చూసింది. పాతది తియ్యి. మార్చిలో అంటించింది.”

“పాతదెందుకు ఇప్పుడు?”

“పాతదాంట్లో లైను ఎటు పోయింది?”

“కాఫీ చెప్తానుండు. ఎండలో వచ్చావు, ముందు...”

“కాఫీ వద్దు. ఎటు పోయింది?”

“మీ మెరక చేలోంచి.”

“కొత్తదాంట్లో?”

“కొంచెం పక్కకి జరిగింది.”

“ఎంత కొంచెం?”

“రెండొందల మీటర్లు ఉంటుందేమో.”

“ఉంటుందేమో అంటావేంట్రా. గీసింది నువ్వు. మా చేను తప్పించుకుని పోయి డ్రెయిను పక్క అరవై సెంట్లలో దిగింది టవరు. ఆ అరవై సెంట్లూ ఎవరు చేసుకుంటున్నారో నీకు తెలుసా, తెలీదా?”

“తెలుసు.”

“ఎవరు?”

“ఆనందమ్మ.”

“అంటే తెలిసే గీశావు.”

“లైను గీసేటప్పుడు మనుషుల్ని చూసి గియ్యరక్కా. నేల ఎలాంటిది, కాలవ ఎంత దూరం, రోడ్డు ఎక్కడ దాటాలి, ఇవన్నీ చూసి...”

“మనుషుల్ని చూడకపోతే, పెడన అవతల్నుంచి తాడు పట్టినట్టు తిన్నగా వచ్చిన లైను మా చేను గట్టు దగ్గరకొచ్చేసరికే ఎందుకు వంకర తిరిగింది?”

“మీ చేను పక్కన పాత కరెంటు లైనుంది. దాన్ని రెండుసార్లు దాటాల్సొస్తుంది. అందుకని.”

“మార్చిలో ఆ పాత లైను లేదా?”

“ఉంది.”

“అప్పుడు నీకు కనపడలేదా?”

“అక్కా, నెమ్మదిగా. పక్క గదిలో వాళ్ళు పనిచేసుకుంటున్నారు.”

“విననీ. వంకర తిరిగేచోట టవరు బరువుగా ఉండాలి, ఇనుము ఎక్కువ పడుతుంది, పునాది లోతు తియ్యాలి, ఖర్చు ఎక్కువ. ఈ మాటలన్నీ నాకెవరు నేర్పారు? నువ్వే. మా ఊళ్ళో మీటింగు పెట్టి, మైకు పట్టుకుని చెప్పావు. అందుకే లైను తిన్నగా వెళ్ళాలి, ఎవరి చేను అడ్డొచ్చినా తప్పదు అన్నావు. అన్నావా, లేదా?”

“అన్నాను.”

“ఆ మాట పట్టుకునే కదా నేను ఉమాశంకర్‌గారి మీదకి వెళ్ళింది. ఆయన రొయ్యల చెరువులు తప్పించడానికి లైను వంచారని తెలిసి, డెబ్భై మందిని వెంటేసుకుని కలెక్టరాఫీసు మెట్ల మీద కూర్చున్నాను. రెండు రోజులు కూర్చున్నాం. వంచిన లైను మళ్ళీ తిన్నగా చేయించాను. ఆయన ఎదురుపడితే పలకరించడం మానేశాడు. ఇప్పుడు అదే పని నా చేను దగ్గర నువ్వు చేశావు.”

“అదీ ఇదీ ఒకటి కాదు.”

“ఏంటి తేడా చెప్పు. ఆయన డబ్బున్నవాడు, నేను నీ తోడబుట్టినదాన్ని, అదేనా తేడా?”

“నేను చెప్పలేనక్కా.”

“మొన్న ఆదివారం మా రైతుల కమిటీ మీటింగులో ఏం జరిగిందో నీకెవరన్నా చెప్పారా?”

“మహేష్ ఏదో అన్నాడని విన్నాను.”

“ఏదో కాదు. వంద మంది ముందు లేచి నుంచుని అన్నాడు. ‘లీడరుగారి తమ్ముడు లైను గీస్తే లీడరుగారి చేలో టవరెందుకు పడుద్దండీ’ అని. నవ్వారు గిరీ. అందరూ నవ్వారు. తిట్టినా బాగుండేది. తిడితే తిరిగి తిట్టొచ్చు. నవ్వితే ఏం చేస్తాం? కాగితాల సంచి బల్ల మీద పెట్టేసి వచ్చేశాను. ఇప్పుడు మహేషే కమిటీకి పెద్ద.”

“మహేష్ సంగతి నేను చూసుకుంటాను.”

“నువ్వేం చూడక్కర్లేదు. పోయిన పరువు చాలు. నేనేమన్నా లైను అసలు వద్దన్నానా? రాయలసీమలో ఎండకి పుట్టే కరెంటు, తెచ్చుకునే దారి లేక అక్కడే ఆగిపోతోందని నువ్వు చెబితే, అది నిజమేనని ఊళ్ళో పదిమందికీ నచ్చచెప్పింది ఎవరు?”

“నువ్వే. నేను కాదన్నానా? మూడేళ్ళుగా అక్కడ పలకలు పరిచి కూర్చున్నారక్కా. ఇక్కడ పోర్టు దగ్గర ఫ్యాక్టరీలు కరెంటు కోసం చూస్తున్నాయి. మధ్యలో లైను లేదు. ఒక్క నెల ఆలస్యమైతే లోను మీద వడ్డీయే...”

“ఎండ వాళ్ళది, కరెంటు ఫ్యాక్టరీలది, వడ్డీ బ్యాంకుది. మధ్యలో నేల మాత్రం మాది. ఆ ఒక్క మాట దగ్గరకొచ్చేసరికి మీకు చెముడొస్తుంది.”

“నేల మీదేనా?”

“అదేం మాట?”

“డ్రెయిను పక్క అరవై సెంట్లు. రెవెన్యూ రికార్డులో ఎవరి పేరు మీద ఉందో చెప్పు.”

“అది వేరే సంగతి.”

“చెప్పక్కా.”

“మా మావయ్యగారి పేరు మీద ఉంది. అయితే ఏమైంది? ముప్పై ఏళ్ళుగా ఆవిడే చేసుకుంటోంది. మేమెప్పుడన్నా వద్దన్నామా?”

“మక్తా ఇస్తుంది కదా మీకు, ఏటా?”

“ఇస్తుంది. కౌలుకి చేసేవాళ్ళందరూ ఇచ్చినట్టే ధాన్యం కొలుస్తుంది. పంట పోయిన ఏడాది అడగలేదు కూడా.”

“అది అసలు మీ మావయ్య కొన్నదేనా?”

“నాకెలా తెలుస్తుంది? నేను కాపురానికి రాకముందు సంగతి.”

“నాకు తెలుసు. పొలాల మురుగునీరు పోవడానికి డ్రెయిను తవ్వినప్పుడు మిగిలిపోయిన నేల అది. నిలువెత్తు తుంగ ఉండేది. ఆనందమ్మ, వాళ్ళాయన రెండేళ్ళు పీకి చేను చేశారు. సర్వే చేసేవాళ్ళు వచ్చిన రోజు మీ మావయ్య గట్టు మీద నిలబడి తన పేరు రాయించుకున్నారు.”

“నీకెవరు చెప్పారు ఇదంతా?”

“ఎవరో చెప్పారు.”

“ఎవరు?”

“ఫోను మోగుతోంది. నీదే.”

“ఆఁ, చెప్పండి. బందర్లోనే ఉన్నాను. గిరీ దగ్గరే. లేదండీ, ఇంకా అడగలేదు. ఇప్పుడు అదెందుకు? తెలుసు. ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకే వస్తుంది, తెలుసన్నాను కదా. ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం. పెట్టేస్తున్నాను.”

“బావేనా?”

“ఆయనే.”

“ఏమంటాడు?”

“భోజనం సంగతి.”

“ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకి వస్తుందా భోజనం?”

“ఎగతాళి చెయ్యకు. ఒళ్ళు మండిపోతోంది ఇప్పటికే.”

“టవరుకిచ్చే పరిహారం గురించి అడగమన్నాడు. అవునా? మెరక చేను మిగిలింది, డ్రెయిను పక్క డబ్బులూ తనకే వస్తాయి, రెండు రకాలా లాభమే అనుకుంటున్నాడు.”

“అనుకోవడమేంటి? రికార్డులో వాళ్ళ నాన్న పేరున్నప్పుడు రాకుండా ఎక్కడికి పోతాయి? నేను ఆయనకి చెప్పాను, ఆ డబ్బులొస్తే సగం ఆనందమ్మకిద్దామని.”

“ఏమన్నాడు?”

“చూద్దామన్నాడు.”

“చూద్దామన్నాడు.”

“నా మాట తిప్పి నాకే చెప్పకు. ఆ సగం మాటెత్తినందుకు వారం నుంచి ఇంట్లో మాటల్లేవు, తెలుసా? ఆయనకేం, సంతోషంగా ఉన్నాడు. ‘తమ్ముడంటే అలా ఉండాలి’ అని నలుగురిలో చెబుతున్నాడు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా నాకు చెంప మీద కొట్టినట్టుంటోంది. అందుకే వచ్చాను. ఆ టవరు నంబరెంత?”

“నూట నలభై ఏడు.”

“కాగితం తీసుకో. నూట నలభై ఏడో నంబరు టవరు పొరపాటున మారింది, మొదటి మ్యాపులో ఉన్నట్టు మెరక చేలోనే వెయ్యాలి అని రాయి. కింద నేను సంతకం పెడతాను.”

“బావ ఒప్పుకోడు.”

“ఆయన ఒప్పుకునేదేముంది? మెరక చేను నా పేరు మీద కొన్నది. పాసు పుస్తకంలో నా ఫొటోయే ఉంది. నా చేలో టవరు వేసుకోమని నేనే రాసిస్తుంటే అడ్డుపడేవాడెవడు?”

“మంచి చేనక్కా అది. మధ్యలో టవరొస్తే రేపు అమ్ముకోవాలన్నా కొనేవాడుండడు.”

“అది ఆనందమ్మకి వర్తించదా? నాది పోతే ఇంకా ఎకరాలున్నాయి. ఆవిడకి ఆ అరవై సెంట్లే. టవరు నాలుగు కాళ్ళు దిగితే దున్నుకోడానికి మిగిలేదెంత? రాయి.”

“రాయలేను.”

“ఎందుకు రాయలేవు?”

“టైము దాటిపోయింది. లోనిచ్చేవాళ్ళు బుధవారం వస్తున్నారు. టవర్లన్నిటికీ చోట్లు ఖాయం చేసేశాం. ఇప్పుడు ఒకటి కదిపితే అటూ ఇటూ నాలుగు కదులుతాయి. మొదటి విడత డబ్బు ఆగిపోతుంది.”

“ఆగనీ. ఉమాశంకర్‌గారి చెరువుల దగ్గర కదిపినప్పుడు ఆగలేదుగా.”

“అప్పుడు ఇంకా ఖాయం కాలేదు.”

“నీ ఉద్యోగం పోతుందని భయమా?”

“పోతుంది. ఎందుకు మార్చావు, మళ్ళీ ఎందుకు మార్చావు అని అడిగితే నా దగ్గర చెప్పడానికేం లేదు. అది కాదు సంగతి.”

“మరేంటి?”

“మాటిచ్చాను.”

“ఎవరికి?”

“అక్కా, నన్ను తిట్టు. కావాలంటే కొట్టు. నీ కోసమే మార్చాననుకో. ఈ ఆదివారం నేనే మీ ఊరొస్తాను. మా అక్కకి తెలీకుండా, ఆవిడ మీద ప్రేమతో తప్పు చేశానని మైకులో చెప్తాను. మహేష్‌ని నన్నే తిట్టమను. నీ కాగితాల సంచి నీకు తిరిగొస్తుంది.”

“సంచి కోసం వచ్చాననుకుంటున్నావా?”

“కాదా?”

“ఏమన్నావు?”

“కోపం తెచ్చుకోకు. నిజం చెప్పు. నవ్వారని వచ్చావా, ఆనందమ్మ కోసం వచ్చావా?”

“పెద్దదాన్నని కూడా చూడకుండా నోరు లేస్తోంది నీకు. అన్నం పెట్టి, రిక్షా ఎక్కించి నిన్ను బడికి పంపినదాన్ని. బయట కూర్చున్న ఆ ముసలిదాని కోసం వచ్చాన్రా. దాని నెత్తిన తెచ్చి టవరు పెట్టావని వచ్చాను.”

“ఆవిడకేం కావాలో అడిగావా?”

“అడగడానికేముంది అందులో?”

“పెడన మీదుగా గంటన్నర బస్సులో వచ్చారు ఇద్దరూ. పక్కనే ఉందిగా. అడిగావా?”

“పక్కన లేదు. నా పక్క సీటు ఖాళీగానే ఉంది, రమ్మన్నాను. వెనక్కి వెళ్ళి కూర్చుంది. ఆవిడ అంతే. నోరెత్తదు. ఇన్నేళ్ళలో మా గుమ్మంలో గట్టిగా నాలుగు మాటలు మాట్లాడి ఎరగదు. అలాంటిదాని తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలా, వద్దా?”

“కొత్త మ్యాపు చూసి ఏడ్చిందా?”

“ఏంటా ప్రశ్న?”

“ఏడ్చిందా, లేదా?”

“లేదు. గోడ దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. చదువు రాదుగా, నేనే వేలు పెట్టి చూపించాను, ఇదే నీ చేను, ఇదే టవరు అని. తల ఊపింది. ‘నేను బందరు వెళ్ళి మార్పిస్తాను, నువ్వు కూడా రా’ అంటే వద్దమ్మా అంది. భయపడుతోందనుకుని బలవంతాన బస్సెక్కించాను.”

“వద్దంది కదా.”

“భయంతో అంది.”

“సరే. భయంతోనే అనుకో. ఇంటికి తీసుకెళ్ళిపో అక్కా, నీకు దణ్ణం పెడతాను. బావ చెవిలో పడకుండా బుధవారం దాటనీ. తర్వాత నేనే వచ్చి అన్నీ చెప్తాను.”

“మీ బావ చెవిలో ఏం పడకూడదు? మధ్యలో ఆయనెందుకొచ్చాడు?”

“ఏం లేదు.”

“ఏదో ఉంది. నీ మొహం చూస్తే తెలుస్తోంది. నువ్వు రాస్తావా, నన్ను కలెక్టరాఫీసుకి వెళ్ళమంటావా? ఎవరి చేను కోసం ఎవరు లైను వంచారో నేనే చెప్తాను. నా తమ్ముడే చేశాడని రాసిస్తాను. విచారణ వెయ్యమంటాను.”

“అంత పని చెయ్యకు. విచారణ అంటే రికార్డులు తిరగేస్తారు. మొదటికే మోసమొస్తుంది.”

“అయితే రాయి. ఇదిగో కలం.”

“అక్కా...”

“కలం తీసుకో గిరీ.”

“ఇటివ్వు. రాస్తాను. రాశాక మాత్రం ఇది ఎవరు చేయించారని నన్ను అడక్కు.”

“నేనే చేయించానని ఊరందరికీ చెప్పుకుంటాను. పైకి చదువుతూ రాయి.”

“‘నూట నలభై ఏడో నంబరు టవరు స్థలం మార్పు విషయమై...’”

“రాయొద్దు బాబూ.”

“ఆనందమ్మా, నువ్వెందుకొచ్చావు లోపలికి? నేను పిలిచేదాకా కూర్చోమన్నాను కదా.”

“కూర్చునే ఉన్నానమ్మా. తలుపు తీసే ఉంది. అన్నీ వినపడతన్నాయి.”

“వింటే మంచిదే. నీ కోసమే ఇదంతా. నీ నోటితో నువ్వే చెప్పు, నా చేలో టవరు నాకొద్దని. వింటాడు.”

“ఆనందమ్మా, నువ్వు బయటికెళ్ళు. నేను మాట్లాడతాను. కాంతారావు బావకి తెలిస్తే ఈ పంటకే నిన్ను చేలో కాలు పెట్టనివ్వడు.”

“తెలియనీ బాబూ. నా మూలాన మీరెందుకు మాటలు పడాల? అక్కగారు మిమ్మల్ని అంతేసి మాటలంటంటే అక్కడ కూర్చోలేకపోయాను.”

“గిరీ, ఏంటిది? ఆవిడకి మాటిచ్చావా నువ్వు?”

“ఇచ్చాను.”

“ఏమని?”

“నీకూ బావకీ చెప్పనని.”

“ఏం చెప్పవు? ఎవరో ఒకరు తిన్నగా చెప్పండి.”

“లోనిచ్చేవాళ్ళ షరతక్కా. టవరు పడిన చేను రికార్డులో ఎవరి పేరు మీదున్నా సరే, నిజంగా ఎవరు చేసుకుంటున్నారో వాళ్ళ పేరు రాయాలి. చేలో నిలబెట్టి ఫొటో తీస్తారు, వేలిముద్ర తీసుకుంటారు. పరిహారంలో వాళ్ళ వాటా వాళ్ళ చేతికే ఇవ్వాలి. టవరు పడిన చేలకి మాత్రమే. పడని చేల వైపు వాళ్ళు చూడను కూడా చూడరు. బుధవారం ఆ లిస్టు మీద సంతకాలవుతాయి.”

“అందులో ఈవిడ పేరుందా?”

“ఉంది.”

“మా పేరు లేదా?”

“మీ మావయ్య పేరు ఒక గళ్ళో ఉంది. చేసుకుంటున్నవాళ్ళ గళ్ళో ఆనందమ్మది.”

“అయితే మాత్రం నువ్వు ఆవిడ బతుకు మీద ఇనుము దింపుతావా? ఒక కాగితం ముక్క కోసం? దాని చేను దానికి లేకుండా చేసి, దాని పేరు రాశానని గొప్పా? ఆనందమ్మా, వీళ్ళ మాటలు నమ్మకు. నీకు తెలీదు. వీళ్ళు నిన్ను మాయ చేశారు.”

“నన్నెవరూ మాయ చెయ్యలేదమ్మా. పెడన పక్క మా చెల్లెలు చేలో టవరు పడితే, పట్టా లేకపోయినా దాని పేరు రాసుకెళ్ళారు. అది విని, మినుములు పీకిన మర్నాడు నేనే బస్సెక్కి వచ్చాను. ఈ బల్ల ముందే నిలబడి, ఆ టవరేదో నా చేలో దింపు బాబూ అని నేనే అడిగాను. కుదరదన్నాడు. మళ్ళీ వచ్చాను. మూడుసార్లు తిరిగాను. మా ఆయనా నేనూ తుంగ పీకిన నేలకి, మీ మావగారి పేరు కాకుండా మా పేరు రాసిన కాయితం అదొక్కటేనమ్మా. నా కోసమని దాన్ని చింపించకు.”